రోడ్డు మీద సగం ఇల్లు

గురువారం మధ్యాహ్నానికి కొత్త ఇల్లు వచ్చేస్తుందనీ, రాత్రికి తన సొంత వంటింట్లో బీన్సు ఉడికించి తీరతాననీ నడీన్ స్టాంపర్ పొద్దున్నే తేల్చేసింది. పాత ఇల్లు చలికాలంలో కాలిపోయింది. అప్పటి నుంచి ఆమె, భర్త వర్జిల్ ఇద్దరూ ఆడపడుచు ఇంటి నేలమాళిగలో బట్టలారబెట్టే యంత్రం పక్కన పడుకుంటున్నారు. ఆడపడుచు మంచిదే. ఆ యంత్రాన్ని మాత్రం వాళ్లకు కునుకు పట్టాకే తిప్పేది.

కొత్త ఇల్లు ఫ్యాక్టరీలో తయారైంది. పొడవునా రెండు సగాలుగా, చక్రాల మీద, రెండు లారీల వెనక వచ్చింది. కాలిన స్థలంలో రెండు సగాలనూ కలిపి బిగిస్తే సరి. టింబర్ ఫోర్క్ ఊళ్లో అలాంటి ఇళ్లు కొత్త కాదు. వాటిని ఎక్కడ పెట్టాలి, ఎటు తిప్పాలి అన్న రూల్సే ఇళ్లకన్నా ఎక్కువ.

మొదటి సగం స్థలంలోకి దిగిందో లేదో, టౌన్ కౌన్సిల్ తరఫున ఆ రూల్స్ చూసే క్లేటన్ రిగ్స్ టై సర్దుకుంటూ దిగాడు.

"సార్, ఇంటి మొహం రోడ్డువైపు ఉండాలి. ఇది పక్కకు తిరిగింది."

"కాలిపోయిన ఇల్లూ ఇలాగే ఉండేది కదయ్యా!" అన్నాడు వర్జిల్.

"అది ఇక్కడ కట్టింది సార్. ఇది ఫ్యాక్టరీలో చేసింది."

డ్రైవర్ గొణుక్కుంటూ లారీ తిప్పాడు. ఇంటి తోక గిర్రున తిరిగి పక్కింటి ఓపల్ హ్యాచర్ పోస్టు డబ్బాను, దాని పక్కనున్న గులాబీ చెట్టును ఊడ్చుకుపోయింది. రిటైరైన పంతులమ్మ ఓపల్. ఊళ్లో సగం మందికి, రిగ్స్‌తో సహా, చదువు చెప్పింది ఆవిడే. తల నిండా రోలర్లతోనే బయటికొచ్చింది.

"వర్జిల్! నా గులాబీల మీంచి ఇల్లు తోలతావా?"

"కొత్త మొక్క నాటిస్తానండీ ఓపల్ గారూ."

"నాటిస్తావులే. ముందిది చెప్పు. ఇది ఇల్లా, బండా? బండైతే ఇక్కడ నిలపకూడదు. ఏం క్లేటన్, నోరు పెగలదేం?"

రిగ్స్ బడిపిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు. "చక్రాలున్నంతసేపూ బండేనండీ మేడమ్."

దాంతో జాకీలు పెట్టి, దిమ్మెల మీదికి దించి చక్రాలు ఊడదీశారు. అవి ఫ్యాక్టరీవి కాబట్టి డ్రైవర్ వాటిని లారీలో వేసుకుని చక్కా పోయాడు. అప్పుడు రిగ్స్ టేపు తీసి ఓపల్ కంచె దాకా కొలిచాడు.

"సార్, కంచెకు మరీ దగ్గరైంది. కొంచెం వెనక్కి జరపాలి."

"దేంతో జరపను? చక్రాలు తీయించింది నువ్వేగా!"

"చక్రాలుంటే బండి సార్. తీస్తేనే ఇల్లు. ఇల్లయితేనే కొలత."

వర్జిల్ నేల మీద చతికిలబడ్డాడు. మొదటి సగం కుదురుకోనిదే రెండో సగాన్ని లోపలికి తేలేనని రెండో డ్రైవర్ నడిరోడ్డు మీదే ఆపేశాడు. "చీకటి పడేలోగా తేల్చండి. లేదంటే దీన్ని వెనక్కి లాక్కెళ్లిపోతా," అన్నాడు. వెనక్కి పోయిన ఇల్లు మళ్లీ ఎప్పుడొస్తుందో ఫ్యాక్టరీవాళ్లకే తెలియదు.

వంటిల్లు ఆ రెండో సగంలోనే ఉంది. గోడ లేని పక్కకు కట్టిన ప్లాస్టిక్ పట్టాను గాలి చింపేసేసరికి అల్మరాలు, సింకు, కిటికీ నాటకం స్టేజీలా వీధికి కనిపించాయి. వెనకాల స్కూలు బస్సు, రొట్టెల వ్యాను, గడ్డి ట్రాక్టరు ఆగిపోయాయి. హారన్లు మోగుతున్నాయి. నడీన్ అంతా ఒకసారి చూసి, స్టూలు వేసుకుని ఆ సగంలోకి ఎక్కింది. రాత్రి వంటకని తెచ్చుకున్న సామాను విప్పి, చిన్న క్యాంపు స్టవ్వు వెలిగించింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు వర్జిల్ నీరసంగా.

"వంట. ఇది నా వంటిల్లే కదూ?"

బీన్సులోకి పంది మాంసం పడి వాసన లేచేసరికి హారన్లు తగ్గాయి. బస్సు డ్రైవరు ముందు దిగాడు. వ్యాను అతను రొట్టెలు పట్టుకొచ్చాడు.

"అమ్మా, రోడ్డు మీద కాపురం చేయకూడదు!" అని అరిచాడు రిగ్స్.

"కాపురమెక్కడ బాబూ, బండెక్కి తింటున్నాం. చక్రాలున్నాయిగా, కిందికి వంగి చూసుకో."

ఓపల్ కూడా ఒక ప్లేటు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని రిగ్స్ వైపు తిరిగింది. స్టాంపర్ల మీద జాలి కలిగి కాదు. ఆవిడకు ఇంకో ఫిర్యాదు తట్టింది.

"రూలు అందరికీ ఒకటేనా క్లేటన్?"

"ఒకటేనండీ."

"మరి టౌన్ హాల్ వరదలో మునిగినప్పటి నుంచీ నీ ఆఫీసు ఫైర్ స్టేషన్ వెనక దేంట్లో నడుస్తోంది?"

"ఇలాంటి చక్రాల బండిలోనేనండీ."

"దాని చక్రాలు తీశారా?"

"లేదండీ."

"మొహం రోడ్డువైపుందా?"

"చెత్తకుండీల వైపండీ."

"ఇంకాసేపట్లో కౌన్సిల్ మీటింగుంది, అక్కడ రెండింటి సంగతీ తేలుస్తా. రెండూ పోవాలి!"

అన్నట్టే వెళ్లింది. కౌన్సిల్ వాళ్లు ఇరుక్కుపోయారు. ఫిర్యాదు ఒప్పుకుంటే తమ ఆఫీసు తామే ఖాళీ చేయాలి, పోవడానికి వేరే చోటు లేదు. చివరికి వరదలోగానీ మంటల్లోగానీ కట్టడం పోగొట్టుకున్నవాళ్లు, తమ స్థలంలో ఫ్యాక్టరీ ఇంటిని చక్రాలున్నా లేకున్నా, ఎటు తిప్పి అయినా, కంచెకు ఎంత దగ్గరగానైనా తాత్కాలికంగా పెట్టుకోవచ్చని చేతులెత్తి తీర్మానించారు. మంటల మాట చేర్చమన్నది రిగ్సే.

వెలుగుండగానే రెండో సగం మొదటి సగం పక్కకు చేరింది. నడీన్ తన వంటింటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి, మిగిలిన బీన్సు మళ్లీ స్టవ్వు మీద పెట్టింది. కంచె అవతల ఓపల్ మాత్రం రెండు ఫిర్యాదులు పట్టుకెళ్లి రెండిళ్లను నిలబెట్టి వచ్చిన ఉక్రోషంతో ధడాలున తలుపేసుకుంది.

తాత్కాలికం అంటే ఎన్నాళ్లో తీర్మానంలో రాయాలని ఆ పూట ఎవరికీ తోచలేదు.