రజాయి కప్పుకున్న ఫ్రిజ్

ఫ్రిజ్ పాతికేళ్లు బతకాలంటే ఏం చేయాలో భద్రంగారు కనిపెట్టారు. దాన్ని వాడకూడదు. లోకోపకారం కోరి ఆ పరిశోధన వివరాలను ఇక్కడ సవినయంగా నివేదిస్తున్నాం.

భద్రం అనేది ఆయన పేరు కాదు, ఊతపదం. ఎవరు ఎక్కడికి బయల్దేరినా "గొడుగు భద్రం, చెప్పులు భద్రం, సంచీ భద్రం, మీరూ భద్రం" అని సాగనంపేవారు. ఆ వరుసలో మనిషి ఎప్పుడూ ఆఖరున వస్తాడన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఉద్యోగం, పరికరాల పరిరక్షణ విభాగంలో సూపరింటెండెంటు. ఆ విభాగానికి పదకొండేళ్ల క్రితం వచ్చిన జిరాక్సు యంత్రం ఈనాటికీ పుట్టినప్పుడు తొడిగిన ప్లాస్టిక్ చొక్కాతోనే కూర్చుని ఉంది. గుమాస్తాలు కాగితాలు పట్టుకుని వీధి చివరి కొట్టుకు వెళ్లి నకళ్లు తీయించుకొస్తారు. ఒక్కసారైనా చెడిపోని యంత్రం గల ఏకైక విభాగంగా దానికి మూడు ప్రశంసాపత్రాలు వచ్చాయి. ఆ మూడో పత్రానికి నకలు కావాల్సి వచ్చినప్పుడు కూడా గుమాస్తా వీధి చివరికే పరిగెత్తాడు.

ఇంతటి ఘనాపాఠీ ఇంట్లో పాత ఫ్రిజ్ ఆరేళ్లకే కన్నుమూసింది. పరువు పోయింది. పరువు సంగతి అలా ఉంచి, ప్రాణం సంగతి కూడా ఉంది. డాక్టరు ఆయనకు రోజూ ఇన్సులిన్ సూది రాశాడు. ఆ మందు చల్లగా ఉండకపోతే పనిచేయదని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. కాబట్టి కొత్త ఫ్రిజ్ వచ్చింది. తలుపు అరలో మందు సీసాలు కొలువు తీరాయి. తను రిటైరైనా ఈ ఫ్రిజ్ మాత్రం సర్వీసులోనే ఉండాలని భద్రంగారు శపథం పట్టారు.

బిగించడానికి వచ్చిన మెకానిక్ నాలుగు ముక్కలు చెప్పాడు.

"గోడకి జానెడు ఎడం ఉంచండి సార్. వేడి గిన్నెలు పెట్టకండి. తలుపు ఊరికే తీసి నిలబడకండి. నెలకోసారి వెనక గొట్టాల మీద దుమ్ము దులిపి, తలుపు రబ్బరు తడిగుడ్డతో తుడవండి. ఇక పదిహేనేళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు."

ఆ నాలుగు ముక్కలనూ భద్రంగారు నలభై నిబంధనలుగా విస్తరించి వంటింటి తలుపుకు అంటించారు.

జానెడు మంచిదైతే బారెడు ఇంకా మంచిది కదా! ఫ్రిజ్ హాలు నడిమధ్యకు వేంచేసింది. భోజనాలబల్ల బాల్కనీకి బదిలీ అయింది. ఇంటిల్లిపాదీ గోడను రాసుకుంటూ అడ్డంగా నడవడం అలవాటు చేసుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్లు అది ఫ్రిజ్‌గారి ఇల్లనీ, వీళ్లు అద్దెకుంటున్నారనీ అనుకునేవారు.

తలుపు తెరవడం రోజుకు మూడు పూటలు, పూటకు ఏడు సెకన్లు. ఆయన పక్కన నిలబడి ఈల వేసేవారు.

"ఏడు సెకన్లలో పెరుగ్గిన్నె వెతుక్కోడానికి నేనేమన్నా పరుగుపందెంలో ఉన్నానా?" అంది భార్య, మూసిన తలుపులోంచి కొంగు లాక్కుంటూ.

"ముందే మ్యాపు గీసుకోవాలోయ్. ప్రణాళిక లేనిదే పెరుగు లేదు."

"మావాడు వస్తువుల్ని ప్రాణంలా చూసుకుంటాడని పెళ్లిచూపుల్లోనే మీ అమ్మగారు చెప్పారు. నేనే మురిసిపోయాను. ఏ మిక్సీగానో పుట్టినా బాగుండేది!"

వేడి నిషేధం అమలు చేయడానికి జ్వరం చూసే థర్మామీటరును రంగంలోకి దించారు. ప్రతి కూరకూ, ప్రతి పాలగిన్నెకూ ఉష్ణోగ్రత చూసి గానీ ప్రవేశం లేదు. ఒకసారి కాలేజీ నుంచి కూతురు ఒళ్లు కాలిపోతూ వచ్చింది. థర్మామీటరు చూస్తే వంకాయ కూరలో ఉంది. కూరకు జ్వరం లేదని రూఢి అయింది గానీ, అమ్మాయి సంగతి తేలలేదు.

తరవాత బరువు తగ్గించే కార్యక్రమం. కూరలు పోయాయి, పాలు పోయాయి, పెరుగు ఆనవాలు లేకుండా పోయింది. చివరకు లోపల మిగిలినవి మందు సీసాలూ, ఒక బల్బూ. తలుపు తీసినప్పుడల్లా వెలిగి అలిసిపోతోందని ఆ బల్బును కూడా ఊడదీసి, దూది చుట్టి, బీరువాలో పెట్టారు.

పదకొండో నెలలో దుమ్ము వంతు వచ్చింది. దులపడం ఓడిపోయినవాడి పని, అసలు రానివ్వకపోవడమే పరిరక్షకుడి పని అని భద్రంగారి సిద్ధాంతం. దర్జీని పిలిపించి ఫ్రిజ్‌కు కొలతలు తీయించారు. అడుగున ప్లాస్టిక్, దాని మీద గుడ్డ, ఆపైన దూది దట్టించిన రజాయి. తలుపు దగ్గర జిప్పు. నెత్తి నుంచి పాదాల దాకా, ముందూ వెనకా, ఫ్రిజ్ నిండుగా కప్పుకుని నిలబడింది.

"నాన్నా, చల్లగా ఉండాల్సినదానికి రజాయి ఏమిటి?" అంది కూతురు.

"లోపలి చల్లదనం బయటికి పోకుండా తల్లీ. మీ కాలేజీలో ఇవన్నీ చెప్పరు."

"చెప్పరు నాన్నా. ఫీజు తిరిగిచ్చేయమంటారని భయం."

పది రోజులకు ఫ్రిజ్ గుర్రుమనడం మానేసింది. "విన్నారా? ఏమీ వినపడటం లేదు కదూ! ఆరోగ్యం అంటే ఇదీ" అని భద్రంగారు పరవశించారు. బల్బు లేదు కనక వెలగలేదేమని ఎవరూ అడగలేదు. సరిగ్గా అప్పటినుంచే ఆయనకు గొంతు ఎండిపోవడం, కళ్లు మసకబారడం, బిందెడు నీళ్లు తాగినా దాహం తీరకపోవడం మొదలయ్యాయి. సూది మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. మందు సీసా వెచ్చగా తగిలితే, తన చెయ్యే చల్లబడిందేమో అనుకున్నారు. ఫ్రిజ్‌ను అనుమానించేంత కుసంస్కారం ఆయనకు లేదు.

ఏడాది నిండిన రోజున సభ పెట్టారు. ఇరుగుపొరుగువారు గోడల వెంట అడ్డంగా సర్దుకున్నారు. యోగ్యతాపత్రం రాసిస్తాడని మెకానిక్‌ను కూడా పిలిచారు. భద్రంగారు గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈ ఫ్రిజ్ ఏడాదిగా ఒక గీత ఎరగదు, ఒక మరక ఎరగదు, ఒక మరమ్మతు ఎరగదు. యంత్రం మనకు సేవ చేయాలనుకోవడం స్వార్థం. యంత్రానికి మనం సేవ చేయడం సంస్కారం..."

ఈలోగా మెకానిక్ జిప్పు లాగి లోపల చెయ్యి పెట్టాడు.

"సార్, ఇందులో అన్నం వండుకోవచ్చు."

గోడల వెంట ఉన్నవాళ్లంతా మెడలు చాచి చూశారు.

"ఇది ఆగిపోయి చాలా రోజులైంది సార్. వెనకనుంచి వేడి బయటికి పోవాలనే కదా ఎడం ఉంచమన్నాను! బారెడు ఎడం ఉంచి, పైన రజాయి కప్పుతారా ఎవరైనా?"

భద్రంగారు నిలువునా కూలిపోయారు. చూసినవాళ్లు అవమానభారం అనుకున్నారు. తీరా చూస్తే షుగరు. పడేటప్పుడు కూడా ఫ్రిజ్‌కు గీత పడకుండా పక్కకు ఒరిగి పడ్డారని ప్రత్యక్ష సాక్షుల కథనం.

ఆసుపత్రిలో నర్సు అడిగింది. "ఇన్సులిన్ ఎక్కడ పెట్టేవాళ్లమ్మా?"

"ఫ్రిజ్‌లో" అంది భార్య.

"ఫ్రిజ్ రజాయిలో" అంది కూతురు.

"మందంతా పాడైపోయుంటుంది. కొత్తది బయటినుంచి తెచ్చుకోండి, మా దగ్గర లేదు."

"అదిగో, అంత పెద్ద ఫ్రిజ్ ఉందిగా?" అంది భార్య.

వార్డు మూలన నిలువెత్తు మందుల ఫ్రిజ్ ధగధగలాడుతోంది. ఒంటి మీద ప్లాస్టిక్ కవరు, మెడలో ప్రారంభోత్సవం నాటి రిబ్బను, తలుపుకు తాళం.

"అదా? తనిఖీకి వచ్చేవాళ్లకి చూపించడానికమ్మా. తెరిస్తే పాడవుద్దని మా పెద్దాయన తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నారు."

సెలైను ఎక్కుతున్న భద్రంగారు అతికష్టం మీద తల ఎత్తి చూశారు. కళ్లు చెమర్చాయి.

"ఒక్క గీత లేదు! పెద్దాయన్ని ఒకసారి కలవాలి."

కలవడానికి ముందు బతకాలి కనక భార్య పరిగెత్తింది. మందు దొరికింది. తొలి సూది పడ్డాక, మిగతా సీసాలు ఎక్కడ దాచాలన్నది ప్రశ్న. ఆసుపత్రి గేటు పక్కన పళ్లరసాలు అమ్మే అతను తన ఫ్రిజ్‌లో చోటిచ్చాడు. దాని రంగు రాలిపోయింది, పిడి ఊడితే తాడు కట్టాడు. రోజుకు రెండొందల సార్లు తలుపు తీస్తాడు. సాయంత్రం కొట్టు కట్టేసే ముందు రబ్బరు తడిగుడ్డతో తుడిచి, వెనక చీపురుతో రెండు దులుపులు దులుపుతాడు. లోపల చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ మందుతోనే నాలుగో రోజుకు షుగరు దిగింది.

"పదిహేడేళ్లుగా నడుస్తోందట" అని భార్య ఆయనకు చెప్పింది.

భద్రంగారు ఆవిడ వైపు ఒత్తిగిల్లారు.

"కవరు లేకుండానే?"

ఆవిడ ఇంటినుంచి తెచ్చిన రజాయి ఆయన మెడదాకా లాగి కప్పింది. జిప్పున్న వైపు కాళ్ల దగ్గరికి వచ్చింది. ఏడాది తరవాత ఆ ఇంట్లో ఒక మనిషికి కవరు దొరికింది.

మీరు నవ్వుతున్నారు. సంతోషం. నవ్వు ఆపకుండానే ఒకసారి మీ టీవీ రిమోటు చేతిలోకి తీసుకోండి. వేలికి తగులుతున్నది మీటేనా, ప్లాస్టిక్ కవరా?