కుసుమ్ మొక్కని మొక్కు

గురువారం పొద్దున కుసుమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త ధర్మ గురక ఆగకముందే లేవాలి. సువా ఈతకొలనులో సెరా దగ్గర పాఠం ముగించుకోవాలి. ధర్మ పళ్ళు తోముకుని వంటింట్లోకి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు టీ పెడుతూ కనబడాలి. ఇలా పది రోజులు నెట్టుకొస్తే, ఆపై వచ్చే ఆదివారం బోటెక్కి దీవికి పోయి, రెండు రాత్రులు అక్కడే ఉండి, వీపున గాలి సిలిండరు తగిలించుకుని సముద్రం అడుగు చూసి రావచ్చు. ధర్మకి ఆ సంగతి జెట్టీ నుంచి ఫోను చేసి చెబుదామనుకుంది.

ఈ కోరిక నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది ఆమె సువాలో ఒక ట్రావెల్ ఆఫీసులో టైపిస్టుగా చేరింది. జుట్టు నెరిసేదాకా ఆస్ట్రేలియా వాళ్ళకీ న్యూజీలాండ్ వాళ్ళకీ డైవింగ్ సెలవులు అమ్మింది. ఏ దీవి పక్కన ఏ రంగు పగడాలుంటాయో, ఏ నెలలో నీళ్ళు తేటగా ఉంటాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. తను మాత్రం మోకాలి లోతు దాటి సముద్రంలోకి దిగలేదు. ఆమెలాంటి ఫిజీ భారతీయుల ఇళ్ళలో జనమంతా కలిసి సముద్రానికి వెళ్ళారంటే ఎవరో పోయారని, అస్థికలు కలపడానికి వెళ్తున్నారని అర్థం.

రిటైరైన వారానికి, ఇంటి వరండాలో మగవాళ్ళంతా వేరు నూరి కలిపే యంగోనా మత్తుపానీయం గిన్నె చుట్టూ కూర్చున్నప్పుడు, ఆమె నోరు జారి ఆ మాట అంది. ధర్మ పడీ పడీ నవ్వాడు. "నువ్వా? సముద్రం అడుక్కా? అరే, చేపలన్నీ టోంగాకి పారిపోతాయి!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తొడలు చరుచుకుని నవ్వారు. కుసుమ్ మర్నాడే వెళ్ళి సెరా దగ్గర పేరు రాయించుకుంది.

సెరా ఫిజియన్ మనిషి, డైవింగ్ నేర్పడంలో చండశాసనురాలు. "బరువు తిండి బంద్. యంగోనా అసలే వద్దు. పెందలాడే పడుకో. రోజూ కళ్ళు మూసుకుని నిదానంగా ఊపిరి తియ్యి, వదులు" అని హిందీలో ఆజ్ఞలు జారీ చేసింది. కుసుమ్ అన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. కొంప మునిగింది సరిగ్గా అక్కడే.

ఎందుకంటే అది వీధి చివరి మారియమ్మ గుడిలో నిప్పుల గుండం తొక్కే నెల. మొక్కు పట్టినవాళ్ళు పది రోజులు మాంసం మానాలి, యంగోనా మానాలి, తెల్లవారకముందే తలస్నానం చెయ్యాలి, గుడిలో చాప మీద పడుకోవాలి. ఆడవాళ్ళు ఇంట్లోనే నియమం పాటించి చివరి రోజు రావచ్చని కమిటీ ఏనాడో ఒప్పుకుంది. రిటైరైన లెక్కల మాస్టారు ధర్మ కళ్ళముందు ఏం జరుగుతోంది? పెళ్ళాం కోడికూర పక్కకి నెట్టేసింది. యంగోనా చిప్ప అందిస్తే చేత్తో అడ్డం పెట్టింది. ఆ గురువారం చీకటితోనే తడిజుట్టుతో వచ్చింది. వరండాలో కళ్ళు మూసుకుని దీర్ఘంగా శ్వాస తీస్తోంది. లెక్క ఇట్టే తేలిపోయింది.

అడిగి తెలుసుకోవచ్చు కదా అంటారేమో. మొక్కు పట్టిన మనిషిని ఎందుకు, ఎవరికోసం అని అడగకూడదు. అడిగితే ఫలం పోతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. అందుకని ధర్మ అడగలేదు, ఊహించుకున్నాడు. తన కుడి మోకాలు ఏడాదిగా పీకుతోంది. ఆ మోకాలి కోసమే ఆ పిచ్చిది నిప్పులు తొక్కబోతోందని తేల్చుకుని, పెరట్లో మునగచెట్టు చాటున కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పూటే చాప చుట్టుకుని బయల్దేరాడు.

"నేను గుడిలో పడుకుంటా, కుసుమ్. నీకు అడ్డు ఉండను."

తెలిసిపోయిందన్నమాట, అలిగి పోతున్నాడన్నమాట అనుకుంది కుసుమ్. "మంచిది. నేను మాత్రం ఆపేది లేదు, మాల బాప్" అంది. కూతురు మాల పేరు కలిపి భర్తని అలా పిలవడం అక్కడి ఆడవాళ్ళకి అలవాటు.

"ఆపమని ఎవరన్నారు!" అన్నాడు ధర్మ. గొంతు బొంగురుపోయింది. అది కోపమని కుసుమ్ అనుకుంది. ఉంటే ఉండనీ అని తలుపేసుకుంది.

గుడిలో ధర్మ ఊరుకోలేదు. భార్య అంత కష్టపడుతుంటే తను కోడి తినడం ఏం న్యాయమని తనూ మాంసం మానేశాడు. యంగోనా ముట్టలేదు. నాలుగింటికి లేచి చన్నీళ్ళు పోసుకున్నాడు. గుడి కమిటీ ప్రెసిడెంటు నరసింహకి భార్య సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "చూడు అన్నా, మొక్కు ఇంకా తీరనే లేదు, అప్పుడే మోకాలు ఏక్‌దమ్ ఫస్ట్‌క్లాస్!" అంటూ నలుగురిలో గుంజీలు తీసి చూపించాడు. నరసింహ చేతికి మైకు దొరకడమే ఆలస్యం. ఈ ఏడు గుండం తొక్కేవాళ్ళలో కుసుమ్ అమ్మ పేరు కూడా ఉందని సాయంత్రం పూజలో ప్రకటించేశాడు.

ఇక వీధి మారిపోయింది. కుసుమ్ గేటు దగ్గర కొబ్బరికాయలు, పసుపు పొట్లాలు వెలిశాయి. ఎదురింటి వాళ్ళు చేపలు వేయించడం మానేశారు. పక్కింటి టాక్సీ రామ్ లాల్ చేతులు కట్టుకుని వచ్చాడు. "బెహన్, ఆ రోజు నా పేరు కూడా ఒక్కసారి అనుకోండి" అన్నాడు.

నీళ్ళలో ఇతని పేరు ఎవరికి చెప్పాలి, చేపలకా? ధర్మ ఊరంతా టముకు వేశాడని, అందరూ కలిసి తనని ఆటపట్టిస్తున్నారని కుసుమ్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఠీక్ హై, చెప్తా. ఆదివారం పొద్దున్నే టాక్సీ తీసుకురా, అది చాలు" అంది. రామ్ లాల్ నేల మీద పడి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

ఎవరూ తనవైపు లేరని ఆమె రోజురోజుకీ మొండికేసింది. మొదటిరోజు ముక్కులోకి నీళ్ళు పోయి ఉక్కిరిబిక్కిరైన మనిషి, పాఠాలు పూర్తయ్యేసరికి కొలను అడుగున బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నీకు భయం లేదా?" అని సెరా అడిగింది. "ఉంది. ఇంట్లోవాళ్ళ మీద కోపం అంతకన్నా ఎక్కువ ఉంది" అంది కుసుమ్.

ఆదివారం తెల్లవారేసరికి గేటు ముందు డప్పులు మోగాయి. పసుపు బట్టల మగవాళ్ళతో నిండిన లారీ. ముందు నరసింహ, అతని భార్య తులసి, మెడలో బంతిపూల దండతో ధర్మ. గుండం తొక్కేముందు అందరూ సముద్రస్నానం చెయ్యాలి కదా, అందుకు వచ్చారు. కుసుమ్ సంచి భుజాన వేసుకుని బయటికొచ్చి ఆ దండుని చూసింది. తనని ఆపడానికి డప్పులు కూడా తెచ్చారని నివ్వెరపోయింది.

"నేను సముద్రానికి పోతున్నా. ఒక్కరు అడ్డం వచ్చినా ఊరుకోను!"

"అడ్డమా! మేమూ వస్తున్నాం, తల్లీ!" అన్నాడు నరసింహ.

"వస్తే రండి" అని ఆమె టాక్సీ తలుపు ధడాలున వేసింది.

టాక్సీ ఎప్పుడూ స్నానాలు చేసే సువా పాయింట్ వైపు తిరగలేదు. ఊరు దాటి నవువా రోడ్డెక్కింది. లారీలో ధర్మ కంగారుపడ్డాడు. "అన్నా, సముద్రం అటు కదా?"

"అమ్మవారు ఏ సముద్రం చూపిస్తే అదే సముద్రం. పోనీ!" అన్నాడు నరసింహ. డప్పులు మరింత జోరందుకున్నాయి. వెనక ఆ మోత వింటున్న కుసుమ్, ఇన్నాళ్ళ కాపురంలో ఈ మనిషికి ఇంత పంతం ఉందని తెలియలేదే అనుకుంది.

జెట్టీ దగ్గర లారీ దిగి, మగవాళ్ళంతా నీళ్ళలో మూడు మునకలు వేసి, వరుసగా నిలబడి కుసుమ్ కోసం చూశారు. పక్కనున్న పాకలోంచి ఆమె బయటికొచ్చింది. మెడనుంచి మడమదాకా నల్ల రబ్బరు బట్ట. నుదుటిమీద అద్దాలు. చేతిలో బాతుకాళ్ళలాంటి పసుపుపచ్చ తొడుగులు. డప్పులు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి.

"కుసుమ్, గుండంలోకి ఈ బట్టతోనా?" అన్నాడు ధర్మ.

"ఏ గుండం?"

నిజం బయటపడటానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క చెబుతుంటే, మధ్యలో సెరా నవ్వి నవ్వి పొట్ట పట్టుకుని జెట్టీ మీద కూలబడింది. ధర్మ ముఖం మాడిపోయింది.

"అయితే... నా మోకాలి కోసం కాదా?"

"మీ మోకాలికి డాక్టరున్నాడు కదా!"

నరసింహ గొంతు సవరించుకున్నాడు. అతను గడ్డు సభలు ఎన్నో నెగ్గినవాడు. "చూడమ్మా, ఏం ఫరవాలేదు. సముద్రంలో మునగడమూ మొక్కే. అమ్మవారు కలలో కనబడి చెప్పిందని ఒక్క మాట అను, బస్. మైకులో మిగతాది నేను చూసుకుంటా. నీ పరువు, ధర్మ పరువు, గుడి పరువు అన్నీ నిలబడతాయి. ఎవరూ నిన్నొక్క మాట అనరు."

సులువైన దారి. ఊ అంటే ఇంతమందీ దణ్ణం పెట్టి సాగనంపుతారు. కానీ ఊ అంటే, ఆ నీళ్ళలో కుసుమ్ చూసేదేదీ తనది కాదు. నరసింహ మైకుది అయిపోతుంది.

"అనను అన్నా" అంది. "అమ్మవారు నాకు కలలో రాలేదు. ఆమె పేరు మీద అబద్ధం ఆడను. నాకు చూడాలని ఉంది, పోతున్నా. మీరు రాత్రులు చేపలు పట్టడానికి పోతే ఎవరి మొక్కని ఎవరన్నా అడిగారా? ఊళ్ళోకొచ్చిన తెల్లవాళ్ళందరికీ ఈ సముద్రం అమ్మినదాన్ని నేను. ఒక్కసారి నేను చూస్తే పరువు పోతుందా? పోనీ!"

"అది కాదమ్మా, అడక్కుండా..."

"ఎందుకడగలేదు! ఇవి ఆ దీవి ఊరివాళ్ళ నీళ్ళు. పోయిన వారం యంగోనా కట్ట తీసుకెళ్ళి వాళ్ళ పెద్ద ముందు పెట్టి, దిగనిమ్మని అడిగా. వాళ్ళ పద్ధతిలో చప్పట్లు కొట్టి సరే అన్నాడు. సముద్రం ఎవరిదో వాళ్ళని అడిగాను. మిమ్మల్ని అడగాలా?"

తులసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వడానికో ఏడవడానికో తెలియలేదు.

అయినా నరసింహకి ఇంకో చిక్కు మిగిలింది. ధర్మ ఇంటినుంచి ఒకరు గుండం తొక్కుతున్నారని అమ్మవారి ఎదుట ప్రకటన అయిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. అతను తలెత్తి ధర్మని ఎగాదిగా చూశాడు. పది రోజులు మాంసం లేదు. యంగోనా లేదు. గుడిలో చాప మీద పడక. చీకటితో చన్నీళ్ళు. ఇప్పుడే సముద్రంలో మూడు మునకలు. మెడలో దండ కూడా ఉంది.

ఆ చూపు అర్థం చేసుకుని ధర్మ రెండడుగులు వెనక్కి వేశాడు. "అన్నా! నా మోకాలు..."

"ఏక్‌దమ్ ఫస్ట్‌క్లాస్ అన్నావుగా. గుంజీలు తీశావుగా" అన్నాడు నరసింహ. పసుపు బట్టలవాళ్ళంతా తాము చూశామని తలలూపారు.

బోటు ఇంజను మోగింది. ధర్మ జెట్టీ చివరిదాకా పరుగెత్తాడు. "కుసుమ్! వాళ్ళు నన్ను తొక్కమంటున్నారు! ఏం చెయ్యను?"

ఆమెకి నవ్వూ జాలీ ఒకేసారి వచ్చాయి. తప్పుగా అర్థం చేసుకునే అయినా, తనతోపాటు ఆ మనిషి పది రోజులు పస్తున్నంత పని చేశాడు. "ఊపిరి బిగబట్టకండి, మాల బాప్! పరుగెత్తకండి! ముందున్నవాడి వీపు చూస్తూ పోండి!" అని అరిచింది. సెరా ఆమెకి నేర్పింది అంతే మరి.

నీళ్ళలోకి జారాక మొదట చెవులు నొప్పెట్టాయి. తర్వాత అద్దాల లోపల మసక విడిపోయింది. ఊదారంగు పగడాలు, కుంకుమరంగు పగడాలు, వాటిమీద చిల్లర విసిరినట్టు చేపలు. అన్నేళ్ళు తను అమ్మిన కరపత్రాల్లో ఒక్క రంగూ సరిగ్గా పడలేదని తెలిసింది. ఒక్క చేప కూడా టోంగాకి పోలేదు. కుసుమ్‌కి ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చింది.

మంగళవారం ఆమె తిరిగొచ్చిన సాయంత్రమే గుడిలో సన్మాన సభ. ధర్మ అరికాళ్ళు చెక్కుచెదరకుండా గుండం దాటాడట. మధ్యలో భార్య చెప్పిన మూడు మాటలే జపించానని అతను ఇంటిదగ్గరే ఆమెకి రహస్యంగా ఒప్పుకున్నాడు. సభలో మాత్రం శాలువా కప్పుకుని, కళ్ళు దించుకుని, పరమభక్తుడిలా కూర్చున్నాడు. మైకు ముందు నరసింహ భర్తల త్యాగం గురించి చెబుతున్నాడు. కుసుమ్ పేరు ఎక్కడా రాలేదు. ఆమెకి ఏ నష్టమూ అనిపించలేదు. చివరి వరుసలో గోడకి ఆనుకుని హాయిగా కూర్చుంది.

తులసి మెల్లగా జరిగి పక్కకొచ్చింది. "అక్కా, ఆ అడుగున ఎట్లా ఉంటుంది?"

"చల్లగా ఉంటుంది. రంగులు బాగుంటాయి." కుసుమ్ కాసేపు ఆలోచించింది. "ఎవరూ మాట్లాడరు."

తులసి తలతిప్పి వేదిక మీద ఉన్న భర్తని చూసింది. నరసింహ ముగింపుగా రెండు మాటలు చెబుతానని అప్పటికి మూడోసారి అంటున్నాడు.

"మళ్ళీ బోటు ఎప్పుడక్కా?" అంది.