పెళ్ళికూతురి పేరుకు తగిన తోక

వ్యాపార నిర్వహణ నేర్పే కళాశాలల విలువను పోల్చి చూడటానికి లోకంలో నమ్మదగిన కొలబద్ద ఒక్కటే ఉంది: పెళ్ళి శుభలేఖ. జావా దీవిలోని మా సిదోఆర్జోలో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా మా అక్కా బావా దీని మీదే వాదించుకుంటున్నారు. ఆ పూట కూడా ఎండలో పరిచిన రొయ్యల అప్పడాల తడికెలు తిరగేస్తూ వాదన సాగిస్తున్నారు.

"మన కాలేజీలిచ్చే మేనేజిమెంటు పట్టా, ఆ ఎం.ఎం. చాలదా? రెండక్షరాలు తక్కువా?" అన్నాడు బావ దర్మాజి.

"వాళ్ళవాడిది ఎం.బి.ఎ. పక్కపక్కన అచ్చేస్తే మన పిల్ల పేరు తోక తెగిన బల్లిలా ఉంటుంది," అంది అక్క.

"నాకే తోకా లేదు. నన్ను చేసుకున్నావు కదా."

"అప్పుడు శుభలేఖలు వేయించే స్తోమత ఎక్కడుంది మీకు, చేసుకోక?"

సంగతేమిటంటే, అక్క కూతురు వెనింగ్‌కు తీర్తా అనే ఇంజనీరుతో సంబంధం కుదిరింది. పిల్లా పిల్లవాడూ ఇష్టపడ్డారు (ఇది విచారణాంశం కాదు). అచ్చు కాగితం నమూనా వచ్చింది. అబ్బాయి పేరు వెనక ఎస్.టి. (ఇంజనీరింగు పట్టా), ఎం.బి.ఎ. అని ఉంది. మా పిల్ల పేరు వెనక ఎస్.ఇ. (అర్థశాస్త్రం పట్టా) అని ఉండి, ఆ పైన తెల్లకాగితం ఉంది. వియ్యపురాలు కాబోయే బు (అంటే అమ్మగారు) హర్యాతి కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మాయి బంగారం. వంక పెట్టడానికి లేదు," అంది. "లైను కుదరలేదు, అంతే. పైచదువు కూడా పూర్తి కానివ్వండి. పెళ్ళి ఎక్కడికి పోతుంది?"

పెళ్ళి ఎక్కడికీ పోదు. పెళ్ళికొడుకు మాత్రం బాలిక్‌పాపన్‌కు బదిలీ అయ్యాడు. నెలాఖరుకు సముద్రం దాటి వెళ్ళి ఉద్యోగంలో చేరాలి. చదువేమో రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ పిల్ల ఇక్కడా, వాడు అక్కడా.

ఇలాంటి చిక్కులు తేల్చడానికి మా వంశంలో ఒక పోలిక సంఘం ఏర్పడింది. దానికి శాశ్వతాధ్యక్షుడు బావగారి అన్న సురోసో. రోడ్ల శాఖలో పెద్దగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పిల్లలు పాక్‌దే, అంటే పెదనాన్న, అని పిలుస్తారు. పేరుకు ముందు రెండు బిరుదులు, వెనక ఒకటి. (ఆయన ఇంటి ముందు పేరు పలక పట్టక గేటును పక్కకు జరిపించారు. రోడ్లశాఖే జరిపింది.)

సంఘం ముందుకు మూడు కళాశాలలు వచ్చాయి. మొదటిది ప్రబావ నుసంతర. రెండోది గ్రహ ఆదిలుహుంగ్. రెండూ దేశంలో మొదటి స్థానంలో ఉన్నాయి. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఒకటి నదికి తూర్పున ఉన్నవాటిలో మొదటిది, రెండోది సొంత లిఫ్టు ఉన్నవాటిలో మొదటిది. మూడోది రైల్వే గేటు వెనక ఉన్న సాయంకాలపు కాలేజీ. దానికి ఏ స్థానమూ లేదు. పైగా అక్కడ పరీక్షలో కొందరు తప్పుతారని పుకారు. అటువంటి చోటికి పిల్లను ఎలా పంపిస్తాం?

సురోసోగారు ముందు ఆ కాలేజీల ఎదుటి రోడ్డు కొలిచారు. పట్టా పుచ్చుకునే రోజున బంధువులు పంపే అభినందన పూలపలకలు, ఒక్కోటి తలుపంత ఉంటుంది కదా, అవి నిలబెట్టడానికి గోడ పొడుగు ఎంత అన్నది విద్యాప్రమాణాల్లో ప్రధానమైనది. తరువాతది అంతర్జాతీయ అనుభవం. ప్రబావ వారు విద్యార్థులను సింగపూరు తీసుకువెళ్ళి ఒక పెద్ద విశ్వవిద్యాలయం గేటు ముందు ఫోటో తీయిస్తారు. ఆదిలుహుంగ్ వారు కూడా అదే గేటు దగ్గరికి తీసుకువెళతారు, కాని బస్సు మంచిది. లోపలికి వెళ్ళడం ఇద్దరి పాఠ్యప్రణాళికలోనూ లేదు.

చివరి పరిశోధన వ్యాసం గురించి ఎవరికీ దిగులు లేదు. దానికి జాకీలున్నారు, డబ్బు పుచ్చుకుని రాసిపెట్టేవాళ్ళు. (పరుగు జాకీది, పతకం గుర్రానికి.)

ఆదిలుహుంగ్ నుంచి విలువల విభాగం ఉపసంచాలకుడు యుదాంతో అనే యువకుడు కేకుల పెట్టెతో మా అక్క ఇంటికి వచ్చాడు. ఫీజు అనే మాట వాడకుండా గంటసేపు ఫీజు గురించే మాట్లాడాడు. అప్పుడు వెనింగ్ నోరు విప్పింది.

"వాన పడితే మా సరుకు సగం పాడవుతుందండి. ఆ నష్టం ధరలో ఎలా కలపాలో మీ దగ్గర చెప్తారా?"

యుదాంతో కాగితాలు తిరగేశాడు. "నష్టం మా దగ్గర ఐచ్ఛికం అమ్మా. నాయకత్వం మాత్రం తప్పనిసరి."

"చూశావా," అన్నారు సురోసోగారు తమ్ముడితో, "తప్పనిసరట."

"వాన కూడా అంతే కదా పాక్‌దే," అంది వెనింగ్.

"ఎదురు ప్రశ్నలొద్దు తల్లీ. ఇది నీ భవిష్యత్తు. నువ్వు తలదూర్చకు."

తీర్మానం చదవడానికి బుధవారం సాయంత్రం అందరం మా అక్క ఇంట్లో చేరాం. బు హర్యాతి కూడా కొడుకుతో వచ్చింది. చాప మీద నత్తల పులుసూ బియ్యపు ముద్దలూ పెట్టారు. సురోసోగారు గొంతు సవరించుకుని, గోడ పొడుగు, బస్సు, అక్షరాల సంఖ్య కూడి చూడగా ఆదిలుహుంగ్ గెలిచినట్టు ప్రకటించారు. బు హర్యాతి తృప్తిగా తల ఊపింది.

"రెండేళ్ళే కదా. ఇట్టే గడిచిపోతాయి," అంది.

తీర్తా పళ్ళెంలోకి చూస్తున్నాడు. వెనింగ్ తండ్రి వైపు చూసింది. బావ చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఉప్పు అందించమని అడిగేంత మెల్లగా అన్నాడు.

"శుక్రవారం పొద్దున పెళ్ళి రాయించడానికి మత వ్యవహారాల ఆఫీసుకి వెళ్తున్నాం. పిల్లనిచ్చే తండ్రిని నేను ఒప్పుకుంటే చాలన్నాడు రిజిస్ట్రారు. శుభలేఖ అడగరట. వచ్చేవాళ్ళు రండి. ఆదివారం ఓడకి ఇద్దరూ వెళ్తారు."

బు హర్యాతి కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"టిక్కెట్లు నేనే తీశాను ఇబు," అన్నాడు తీర్తా తల్లితో.

అక్క లేచి అందరి పళ్ళాల్లో ఇంకాస్త పులుసు వడ్డించింది. సురోసోగారు మాత్రం అధ్యక్ష స్థానంలో ఉన్నారు కనుక అడగక తప్పలేదు.

"మరి రిజిస్టర్లో దాని పేరెలా రాస్తారు? ఉత్త పేరేనా?"

"ఉత్త పేరే," అన్నాడు బావ. "నువ్వు పెట్టిందే, అన్నయ్యా."