కారు కాని కారుకు బీమా

బ్రాక్‌షా పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, మా వీధిలో ఎనిమిదో నంబరు ఇంటి డెస్మండ్ హాల్‌వర్త్ గారు తమ కారును తొమ్మిదేళ్లుగా నిర్విఘ్నంగా పూర్తి చేయకుండా ఉన్నారు. అది కిట్ కారు. పెట్టెల్లో ముక్కలుగా వస్తుంది, కొన్నవాడే గ్యారేజీలో కూర్చుని బిగించుకోవాలి. ‘ఏడాదిలో పూర్తవుతుంది’ అని పెట్టె మీద అచ్చు వేశారు. ఏ ఏడాదో వేయలేదు.

డెస్మండ్ గారు బస్సు డిపోలో ముప్పైనాలుగేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. లాంకషైర్‌లో రిటైరైన మగవాడు పావురాలైనా పెంచాలి, గ్యారేజీలోనైనా ఉండాలి. భార్య మేవిస్‌కు పావురాల ఈకలు పడవు. అందుకని కారు.

మూడో ఏట పక్క వీధిలో ఎవరిదో గ్యారేజీ తాళం పగలగొట్టి గేరుబాక్సు ఎత్తుకుపోయారు. డెస్మండ్ గారు బెదిరి, ఇంటి బీమావాళ్లకు ఫోను చేశారు. కారు సామానుకు ఇంటి బీమా వర్తించదన్నారు వాళ్లు. కారు బీమావాళ్లకు చేశారు.

“బండి నంబరు చెప్పండి సార్” అందొక అమ్మాయి.

“నంబరు ఇంకా రాలేదమ్మా.”

“ఎందుకని?”

“అది ఇంకా కారు కాలేదు.”

“మరి ఏమైంది సార్?”

డెస్మండ్ గారు వంటింటి కిటికీలోంచి గ్యారేజీ వైపు చూశారు. “నేనూ అదే చూస్తున్నాను” అన్నారు.

ఇలాంటి అభాగ్యుల కోసమే ఒక కంపెనీ వెలసి ఉంది. ‘నిర్మాణ దశ’ పాలసీ అని ఒకటి ఇస్తుంది. దాని తరఫున రోలండ్ తిసిల్‌త్‌వెయిట్ అనే సర్వేయరు టై కట్టుకుని, టార్చిలైటు పట్టుకుని వచ్చారు. ఇనుప చట్రం చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణ చేసి, గొంతు సవరించుకున్నారు.

“హాల్‌వర్త్ గారూ, మా కంపెనీ దృష్టిలో ఇది కారు కాదు, కారు కానిదీ కాదు. కాబోతున్నది. కాబోతున్నవాటిని కంటికి రెప్పలా కాపాడటమే మా ఆశయం. అయిపోయినవాటి సంగతి వేరే విభాగం చూసుకుంటుంది.”

టీ పట్టుకొచ్చిన మేవిస్ అడిగింది: “అయితే మా ఆయనా నేనూ ఏ విభాగమండీ?”

సర్వేయరు గారు ఆ ప్రశ్నకు తగిన గడి ఫారంలో లేనందున టీ పుచ్చుకున్నారు.

పాలసీ షరతులు న్యాయమైనవే. గ్యారేజీకి కొత్త తాళం, అలారం, కొత్త పైకప్పు ఉండాలి. వేడి పుట్టించే వస్తువు లోపల ఉండరాదు కనుక అక్కడున్న మేవిస్ ఫ్రిజ్ వరండాలోకి వచ్చింది. కప్పు డబ్బంతా గ్యారేజీకే సరిపోవడంతో పడకగది కురుస్తూనే ఉంది. మంచం పక్కన బకెట్టు పెట్టుకున్నారు. బకెట్టుకు బీమా లేదు. ఇక మూడు నెలలకోసారి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు పంపాలి. కొలత తెలియడానికి సీట్లో ఎదిగిన మనిషిని ఒకరిని బెల్టు పెట్టి కూర్చోబెట్టాలి.

చివరి షరతు చిన్న అక్షరాల్లో ఉంది: ‘ఇది స్వయంగా కదిలిన క్షణమే కారుగా పరిగణించబడును. పాలసీ రద్దగును.’ దాన్ని చదివినప్పటి నుంచి డెస్మండ్ గారి చేతి వేగం తగ్గింది. ఇంజను వచ్చి పెట్టెలోనే ఉండిపోయింది. పూర్తి చేస్తే రక్షణ పోతుంది. రక్షణ ఉండాలంటే పూర్తి చేయకూడదు. ఇంత హాయైన స్థితి మనుషులకు అరుదుగా దొరుకుతుంది.

ఏప్రిల్లో ఒక మంగళవారం ఉదయం ఫొటోల గడువు వచ్చింది. మేవిస్ మాంసం, బంగాళదుంపలు పెట్టి ‘పై’ అనే రొట్టె చేస్తూ చేతుల నిండా పిండితో ఉంది.

“ఒక్క అయిదు నిమిషాలు వచ్చి కూర్చో” అన్నారు డెస్మండ్ గారు.

“తొమ్మిదేళ్లుగా అవే అయిదు నిమిషాలు నడుస్తున్నాయి” అంటూనే వచ్చి కూర్చుంది.

వెనకవైపు ఫొటోకు గ్యారేజీలో చోటు చాలదు. బండిని కాస్త బయటికి నెట్టాలి. మా వీధి కొండవాలు మీద ఉంటుంది. డెస్మండ్ గారు చక్రాల కింది చెక్కముక్కలు తీసి, నెట్టి, కెమెరా సర్దుకునేసరికి అందులో భార్య చిన్నదవుతూ కనిపించింది.

“మేవిస్, బ్రేకు లాగు!”

“లాగాను. ఏమీ కావడం లేదు. దీని తీగ ఎక్కడ?”

“నాలుగో పెట్టెలో ఉంది” అని వెంట పరిగెత్తుతూ నిజాయితీగా చెప్పారాయన.

బండి చర్చి దాటింది. చేపల కొట్టు ముందు వరసలో నిలబడ్డవాళ్లు తలలు తిప్పి చూశారు, వరస మాత్రం వదల్లేదు. కిందికి వెళ్లి ఈనిడ్ క్రాపర్ గారి కంచె చీల్చుకుని, ఆవిడ టమాటా నారు పెంచుకునే గాజుగదిలో ఆగింది. బండి ముందు భాగం నుజ్జయింది. మేవిస్ ఎడమ మణికట్టు విరిగింది. పోలీసు వచ్చి, బండి వివరాల దగ్గర ‘ఇంకా కాలేదు’ అని రాసుకున్నాడు.

సర్వేయరు గారు మళ్లీ దయచేశారు. “స్వయంగా కదిలింది కాబట్టి కారైపోయింది. పాలసీ చెల్లదు” అన్నారు.

డెస్మండ్ గారు జీవితంలో మొదటిసారి వాదించారు. “అది కదల్లేదండీ. కొండ కదిపింది.”

కంపెనీ ఆరు వారాలు ఆలోచించి ఒప్పుకుంది. అది కారు కాదు. కారు కానిదానిలో ప్రయాణికులు ఉండరు. బెల్టుతో బిగించి ఉన్నది కాబట్టి మేవిస్‌ను విడిభాగంగా గుర్తించడమైనది. ఆమెకు వేరే ఫారం వచ్చింది. తయారైన సంవత్సరం. గత మరమ్మతులు (మోకాలు, కుడి). ‘మార్చుటకు ఇటువంటిది మరొకటి దొరుకునా?’ అన్న గడి దగ్గర డెస్మండ్ గారు కలం పట్టుకుని ఆగిపోయారు. పెళ్లై నలభైనాలుగేళ్లు. కళ్లు తుడుచుకుని ‘ఎక్కడా దొరకదు’ అని రాశారు.

ఎక్కడా దొరకని భాగానికి మార్కెట్ ధర ఉండదని చెప్పి కంపెనీ పరిహారంలో సగం కోసేసింది. ఆ చెక్కు విడిభాగం యజమాని అయిన డెస్మండ్ గారి పేరు మీద వచ్చింది.

మేవిస్ దాన్ని రెండుసార్లు చదివింది. గ్యారేజీలోకి వెళ్లి, ఒక్క చేత్తోనే స్టీరింగు చక్రం ఊడదీసి సంచిలో వేసుకుంది.

“రెండు విడిభాగాలు పోతున్నాయి. రాసుకో” అని మోర్‌కమ్‌లో ఉన్న అక్క దగ్గరికి బస్సెక్కింది.

డెస్మండ్ గారు నిజంగానే కంపెనీకి రాశారు. తాళం పగలలేదు కనుక అది దొంగతనం కిందికి రాదని జవాబొచ్చింది. అప్పుడు ఆయన తొమ్మిదేళ్లలో మొదటిసారి గ్యారేజీకి సెలవు పెట్టి బస్సెక్కారు. సముద్రం ఒడ్డున బెంచీ మీద మేవిస్ రొయ్యలు తింటోంది.

“స్టీరింగు కోసం వచ్చావా?”

“కాదు.”

ఆవిడ ఇంకో రొయ్య నోట్లో వేసుకుంది.

“దాని కోసం కూడా” అన్నారాయన. “నువ్వు లేకపోతే బకెట్టు ఎప్పుడు నిండుతోందో తెలియడం లేదు మేవిస్. రెండు రాత్రులు తడిసి పడుకున్నాను.”

“కప్పు వేయించు. బ్రేకు తీగ బిగించు. తర్వాత చూద్దాం.”

పడకగది కప్పుకు చెక్కు మొత్తం పోయింది. బ్రేకు తీగ బిగించడానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది. మేవిస్ తిరిగొచ్చింది. కిందికి దిగిన ఆ కాసేపూ గాలి బాగుందనీ, ఇంజను కూడా పెడితే మళ్లీ వెళ్లొచ్చనీ ఆవిడ నా భార్యతో చెప్పినట్టు తెలిసింది.

ఆ నెల మా ఊరి కిట్ కారు సంఘం డెస్మండ్ గారిని సన్మానించింది. అధ్యక్షుల వారు అన్నారు కదా: “నిర్మాణ దశలోనే నష్టపరిహారం సాధించిన ఈ ధీరుడు మన ఉద్యమానికే తలమానికం. పూర్తైన కార్లు రోడ్డున పోయే ప్రతివాడికీ ఉంటాయి.” చప్పట్లు మారుమోగాయి. కట్టు కట్టిన చేత్తో మేవిస్ అందరికీ టీ అందించింది. చెయ్యి ఎలా ఉందని ఎవరూ అడగలేదు. చక్కెర అడిగారు.

సభ ముగిశాక పదకొండు మంది సభ్యులు ఒకరికి తెలియకుండా ఒకరు డెస్మండ్ గారిని చాటుకు పిలిచి, ఆ విడిభాగాల ఫారం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మర్నాడు నేనూ కంపెనీకి ఫోను చేశాను. నాకు కారు లేదు, కిట్ కూడా లేదు. ఆ సంగతే చెప్పాను. అదేమీ అడ్డు కాదన్నారు. భార్య ఉందా అని మాత్రం అడిగారు.