మూలలు మింగే లెన్సుకు ఒక దండం

చిన్న కెమెరాకు పుట్టిన లెన్సును పెద్ద కెమెరాకు తగిలించి ఫొటోలు తీసేవాడే ఈ కాలపు అసలైన సంఘసంస్కర్త! నవ్వేవాళ్లు నవ్వండి. నవ్వి అలిసిపోయాక ఒకసారి తమిళనాడులోని ధర్మపురి దాకా వచ్చి, ఇండూరులో వసంతకుమార్ స్టూడియో మెట్లెక్కండి. గోడ మీద వరసగా వేలాడే పటాలు చూస్తే మీ కళ్లే తెరుచుకుంటాయి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డిజిటల్ కెమెరాల్లో చిన్న కన్నువి ఉన్నాయి, పెద్ద కన్నువి ఉన్నాయి. కన్నంటే లెన్సు కాదు, లోపల బొమ్మ పడే సెన్సర్ పలక. పెద్ద కన్నుదాన్ని ఫుల్‌ఫ్రేమ్ అంటారు. పాతకాలం ఫిల్మ్ ముక్క ఎంతో దాని కన్నూ అంతే. చిన్నదాని కోసం చేసిన లెన్సు తన తాహతుకు తగినంత బొమ్మనే లోపలికి పంపుతుంది. దాన్ని తెచ్చి ఫుల్‌ఫ్రేమ్‌కు బిగిస్తే అండాకు గ్లాసు మూత పెట్టినట్టే. నడుమ గుండ్రంగా బొమ్మ, నాలుగు మూలలా కారునలుపు!

వసంతకుమార్ బెంగళూరు పోయి ఎవరో వాడి వదిలేసిన ఫుల్‌ఫ్రేమ్ బాడీ, అంటే లెన్సు లేని ఉత్త కెమెరా, ఒకటి తెచ్చాడు. మెడలో వేసుకుని ఏ. పళ్లిపట్టి ఊరి కూడలి దాకా ఊరేగి వచ్చాడు. బాడీకి తగిన లెన్సు కూడా ఉండాలని ఆయనకు తట్టలేదా? తట్టకేం! కానీ లెన్సును ఎవడు చూస్తాడు? జనం చూసేది బాడీని. అందుకని తన పాత చిన్న కెమెరా లెన్సునే దానికి బిగించాడు. పైన పటారం లోన లొటారం అని పెద్దలు ఊరికే అన్నారా?

"ఏమప్పా, మూలలంతా నల్లగా ఉండాదే?" అని మొదట్లో ఒకరిద్దరు అడిగారు.

"అది సినిమా లుక్కు అన్నా! మీకు తెలియదు, ఊరికే ఉండండి" అన్నాడు ఆయన. సినిమా అన్నాక ఇంకెవరు నోరు విప్పుతారు?

ఇక ఆ లెన్సు చేసిన ఉపకారాలు వినండి. పంచాయతీ నీళ్ల ట్యాంకు తెరిచిన రోజు ఫొటోలో ప్రెసిడెంటు ఒక్కడే వెలుగులో ఉన్నాడు, వార్డు మెంబర్లంతా గ్రహణంలో ఉన్నారు. ప్రెసిడెంటు దాన్ని నాలుగు కాపీలు వేయించుకున్నాడు! అమ్మవారి జాతర ఫొటోలో పొట్టేలు పడింది, కత్తి పట్టుకున్నవాడు పడలేదు. ఎంత అహింస! అదియమాన్‌కోట్టైలో గుడి ఫొటో తీస్తే గోపురం నిలిచింది, పక్కనున్న చెత్తకుప్ప మాయమైంది. చీపురు పట్టకుండా ఊరు శుభ్రం చేసిన లెన్సు ఇంకెక్కడైనా ఉందా? బడిలో గ్రూపు ఫొటో తీస్తే హెడ్మాస్టరూ ఫస్టు ర్యాంకులూ మిగిలారు. ఫెయిలయ్యే పిల్లలు పరీక్ష రాయకముందే చీకట్లోకి పోయారు.

ఆ లెన్సు ఫిల్మ్ కెమెరాను కూడా వదల్లేదు. ఈ మధ్య కుర్రకారుకు మళ్లీ రీలు పిచ్చి పట్టింది కదా! వసంతకుమార్ తన మేనమామ ఆదిమూలం దగ్గర పాత ఫిల్మ్ కెమెరా అడిగి తెచ్చుకున్నాడు. దాని లెన్సు పీకి సంచిలో పడేసి, ఈ బుడ్డ లెన్సునే దానికీ తగిలించాడు. డిజిటల్‌లో అయితే ఎవరు పోయారో అప్పుడే తెలిసిపోతుంది. రీలు కడిగి తెచ్చేదాకా తెలియదు. ఆ సస్పెన్స్ మాటేమిటి?

ఇంత గొప్ప లెన్సు మీద ఇండూరు కల్యాణమండపంలో తిరుగుబాటు జరిగింది.

ఆ రోజు యోగలక్ష్మి కూతురు మోహనప్రియకు కాదుకుత్తు. చెవులు కుట్టించి, బంధువులందరికీ భోజనం పెట్టే వేడుక. దానికి యోగలక్ష్మి పెద్దమ్మ తాయమ్మ తెల్లారకముందే వచ్చేసింది. తల్లి పోయిన యోగలక్ష్మిని ఇటుకలు మోసి, సిమెంటు గంపలు మోసి పెంచింది తాయమ్మే. మొగుడు పోయి ఆరేళ్లయింది. ఇప్పటికీ కట్టడం పనికి పోతేనే పొయ్యి వెలుగుతుంది. ఆ రోజు ఆమెకు ఉన్న కోరిక ఒక్కటే. మోహనప్రియ ఉన్న ఫొటోలో తానూ ఉండాలి, దాన్ని తన ఇంట్లో గోడకు తగిలించుకోవాలి. రేషన్ కార్డులోది తప్ప ఆమెకు వేరే ఫొటో లేదు.

చెవులు కుట్టడం అయింది. బిడ్డ గుక్కపెట్టి ఏడ్చి, చక్కెర నాకి ఊరుకుంది. అందరూ గ్రూపు ఫొటోకు నిలబడ్డారు. యోగలక్ష్మి అత్తగారు పంచవర్ణం బిడ్డను ఒళ్లో పెట్టుకుని నట్టనడుమ కుర్చీలో కూర్చుంది. ఎక్కడ నిలబడాలో తాయమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. మొగుడు లేని ఆడది శుభకార్యంలో బిడ్డ పక్కన నిలబడకూడదని ఆమెకు ఆరేళ్లుగా తెలుసు. తానే పోయి వరస కొసన, కట్టిన అరటిచెట్టు పక్కన నిలబడింది. కొసన అయితేనేం, ఫొటోలో ఉంటాను కదా అనుకుంది. కొంగు సర్దుకుంది. నవ్వింది కూడా.

వసంతకుమార్ ఫొటో తీసి మండపంలో ఉన్న పెద్ద టీవీలో వేశాడు. తాయమ్మ అందరినీ తోసుకుంటూ టీవీ ముందుకు పోయింది. పంచవర్ణం ఉంది, బిడ్డ ఉంది, బిడ్డ చెవికి కొత్త కమ్మ కూడా ఉంది. అరటిచెట్టు లేదు. దాని పక్కన తానూ లేదు. ఉన్నదంతా నలుపే.

"నేను నిలుచుకున్నా కదమ్మా?" అని యోగలక్ష్మిని అడిగింది. తాను నిలబడిన మాట నిజమేనా అని ఆమెకే అనుమానం వచ్చేసింది.

చూశారా లెన్సు మర్యాద! పూర్వం ఇలాంటి పనికి ఎంత తంటా ఉండేది? ఒకరు కనుసైగ చేయాలి, ఇంకొకరు "నువ్వు కొంచెం అవతల ఉండమ్మా" అని నోరు తెరిచి చెప్పాలి, విన్నవాళ్లు నొచ్చుకోవాలి, చెప్పినవాళ్లకు పాపం తగలాలి. ఇప్పుడు ఎవరి నోరూ పాడుకానక్కరలేదు. పాపమంతా లెన్సు తన నెత్తిన వేసుకుంటుంది. ఇంత పెద్దమనిషి మీ చుట్టాల్లో ఒక్కడున్నాడా?

కానీ యోగలక్ష్మికి ఈ గొప్పతనం అర్థం కాలేదు. "పెద్దమ్మ లేని ఫొటో నాకెందుకు? ఇంకోసారి తియ్యి!" అని అందరి ముందరా కేకేసింది.

"టెన్షన్ వద్దక్కా. కంప్యూటర్లో నలుపంతా కట్ చేసేస్తా, నీట్‌గా వస్తాది" అన్నాడు వసంతకుమార్.

"కట్ చేస్తే పెద్దమ్మ వస్తాదా?"

భోజనానికి వచ్చి కూర్చున్న ఆదిమూలం అప్పుడు లేచాడు. ముప్పై ఏళ్లు రీలు కెమెరాతో స్టూడియో నడిపిన మనిషి. మేనల్లుడి సంచి తీసి తిరగేశాడు. చార్జర్ల అడుగున, మిక్చర్ పొట్లం పక్కన, తన పాత లెన్సు దొరికింది. దాని మీదంతా కారం.

"ఏమిరా, నా లెన్సుని మిక్చర్‌లో ఏసినావా? ఇది మూలమూలా పట్టుకుంటాదిరా! ఇన్నేండ్లలో ఒక మనిషిని పోగొట్టింది లేదు!" అని తిడుతూ, పంచె కొంగుతో తుడిచి, తానే ఫుల్‌ఫ్రేమ్‌కు బిగించాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వసంతకుమార్ మండపంలో లైట్లు చాలవని ఏదో గొణిగాడు.

అందరూ మళ్లీ నిలబడ్డారు. తాయమ్మ మళ్లీ అరటిచెట్టు పక్కకే పోయింది. క్లిక్కుమంది. టీవీలో ఫొటో పడింది.

ఎంత వెలుగు! ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అందరూ ఉన్నారు. అరటాకు చిరుగు కూడా కనిపిస్తోంది. దాని పక్కన తాయమ్మ, బొట్టులేని నుదురుతో, నోరారా నవ్వుతూ ఉంది. తాయమ్మ తనను తాను చూసుకుని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషం ఆగలేదు.

పంచవర్ణం కూడా చూసింది. కుర్చీలోంచి లేవకుండానే పిలిచింది.

"తాయమ్మక్కా, తప్పుగా అనుకోవద్దు. బిడ్డకి మొదటి ఫంక్షను, పెద్ద పటం ఏసి నడింట్లో తగిలిస్తాము. నలుగురూ చూసేది కదా! నువ్వు కొంచెం ఇట్లా పక్కకి వచ్చేయి. నీకు తర్వాత విడిగా తీస్తాడు. తమ్ముడూ, ఇంకొకటి తియ్యప్పా."

యోగలక్ష్మి ఏదో అనబోయింది. మొగుడు ఆమె వైపు ఒక చూపు చూశాడు. ఆమె వంగి బిడ్డ గౌను సర్దింది. ఆదిమూలం పంచె కొంగు తీసుకుని లెన్సును మళ్లీ తుడవసాగాడు. ఎందుకు తుడుస్తున్నాడో ఆయనకే తెలియాలి.

తాయమ్మ వరసలోంచి బయటికి వచ్చింది. పోయి కుర్చీలో కూర్చుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె నేరుగా వసంతకుమార్ దగ్గరికి పోయింది.

"నాయనా, ఆ ముందరి లెన్సే పెట్టి తియ్యి. దాంట్లో అయితే నన్ను నిలుచుకోనిచ్చినారు."