క్యాన్ మీద కూర్చున్నదెవరు?

"ఈ చింతామణి తాలూకాలో నా కన్నుగప్పి తప్పించుకున్న నేరం ఇంకా పుట్టలేదప్పా," అని ప్రకటించి, డిటెక్టివ్ లక్ష్మణప్ప లాగాల్సిన గేటును తోస్తూ నిలబడ్డాడు.

శిడ్లఘట్ట మార్కెట్టులో ముప్పయ్యేళ్లు పట్టుగూళ్లను చెవి దగ్గర ఊపి, లోపలి పురుగు బతికుందో చచ్చిందో చెప్పిన మనిషి ఆయన. రిటైరయ్యాక డిటెక్టివ్ అయ్యాడు గానీ, ఊపడం మానలేదు.

పిలిచింది అమరేష్. ఫోన్లో వీడియో చూసి ఇంట్లోనే బీరు తయారీకి దిగాడు. రాగి మాల్టు నీళ్లు మరగబెట్టి, వేడిగానే ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యాన్‌లో పోసి మూత బిగించి, గదిలో పెట్టి తాళం వేశాడు. ఆదివారం పులియడానికి ఈస్టు కలిపేదాకా అది అలాగే నిలవ ఉండాలి. తెల్లారి చూస్తే క్యాన్ రెండు పక్కలా సొట్టపోయి ఉంది. ఆ గది తాళం చెవి తనది కాక ఇంకొకటి సుజాతమ్మ దగ్గరే ఉంది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషిని, కోపంలో రేపట్నుంచి రావద్దనేశాడు. నిజం తేలేదాకా కదలనని ఆమె గుమ్మం దగ్గర నేలమీద కూర్చుంది.

లక్ష్మణప్ప క్యాన్‌ను చెవికి ఆనించి ఊపబోయాడు. క్యాన్ కదల్లేదు, ఆయన నడుము పట్టేసింది. అమరేష్ కుర్చీ వేశాడు.

"మూత మాత్రం తియ్యొద్దప్పా. గాలి తగిల్తే చెడిపోతాది."

"తియ్యను లే. ఇది కూర్చున్న సొట్ట. కూర్చున్న మనిషి అరవై కిలోలు ఉండాది."

"నేను నలభై అయిదే," అంది సుజాతమ్మ.

"కోపంగా కూర్చుంటే బరువు ఎక్కువైతాదమ్మా." ఆయన అమరేష్ వైపు తిరిగాడు. "గూడును ఉడకబెడితేనే దారం కొస చేతికొచ్చేది. సాక్ష్యమూ అంతే. ఉడకబెట్టు."

గిన్నెలో మిగిలిన మాల్టు నీళ్లను అమరేష్ మళ్లీ మరగబెట్టాడు. లక్ష్మణప్ప వాటిని తన సంచిలోని చిన్న క్యాన్‌లో సగానికి పోసుకుని, సాక్ష్యం ఒలికిపోకుండా మూత గట్టిగా బిగించాడు. చెయ్యి చుర్రుమంది. క్యాన్‌ను తీసుకెళ్లి నీళ్ల తొట్టిలో పడేసి, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చున్నాడు.

"ఊడ్చి ఊడ్చి అలసిపోయింటావు. కుర్చీ కనపడలేదు. క్యాన్ మీద కూర్చుంటివి. ఒప్పుకోమ్మా."

సుజాతమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పదకొండేండ్లుగా ఈ ఇంట్లో కుర్చీలోనే కూర్చోలేదు నేను. క్యాన్ మీద కూర్చుంటానా?"

అమరేష్ తల దించుకున్నాడు. అంతలో తొట్టిలోంచి పటుక్కుమని శబ్దం వచ్చింది. ముగ్గురూ వెళ్లి చూశారు. చిన్న క్యాన్ కూడా రెండు పక్కలా లోపలికి పోయి ఉంది.

"దీనిమీద ఎవరు కూర్చున్నారప్పా?" అంది సుజాతమ్మ.

"లోపలి ఆవిరి చల్లారి ముడుచుకుండాది, క్యాన్‌నూ లోపలికి లాగుండాది. పెద్దదానికీ ఇదే అయ్యింటాది," అన్నాడు అమరేష్ మెల్లగా. "వీడియో చివర్లో చెప్పింటారేమో. నేను సగంలోనే ఆపేస్తిని. తప్పైపోయిందమ్మా. రేపు రావల్ల నువ్వు."

"ఇది నేను కావాలనే చేసిన ప్రయోగం," అంటూ లక్ష్మణప్ప కుర్చీలోకి చేరి నోటుబుక్కు తెరిచాడు. 'నేరస్తుడు ఆవిరి. పరారీలో ఉన్నాడు' అని రాసుకున్నాడు.

"కాస్త లెయ్యప్పా," అని అమరేష్ ఆ కుర్చీ లాగి సుజాతమ్మకు వేశాడు. ఆమె కాసేపు దాన్నే చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, నింపాదిగా కూర్చుని, లక్ష్మణప్ప వైపు తిరిగింది.

"కుర్చీకి సొట్ట పడిందేమో చూడండప్పా."