మైకు మావయ్యకి తెలియకుండా

సోమవారం హోటలుకి సెలవు. పెద్దమ్మాయి ఆ పొద్దుటినే ఎంచుకోవడానికి కారణం అదే. వయసు యాభై దాటినా, నాన్న పోయాక ఆ ఎనిమిది బల్లల హోటలుని పదకొండేళ్లుగా ఒంటిచేత్తో నడుపుతున్నా, అక్కడి పనివాళ్లకీ రోజూ తినడానికొచ్చే పాతవాళ్లకీ ఆమె ఇంకా పెద్దమ్మాయే. పదింటికి రెండు కంపెనీల వాళ్లు వస్తారు. బల్ల పక్కన నిలబడి తెర మీద వేలితో నొక్కితే వంటింట్లో ఆర్డరు చీటీ వచ్చేసే మెషీన్లు చూపిస్తారు. ఒకటి ఎంచుకోవాలి. పన్నెండులోగా వాళ్లని పంపించేయాలి. మైకు మావయ్యకి మాత్రం ఈ సంగతి తెలియకూడదు.

మైకు మావయ్య అక్కడ పెద్ద సర్వరు. చుట్టరికమేమీ లేదు. ఆమె బల్లల కింద దూరి బొమ్మలు గీసుకునే రోజుల నుంచీ అలా పిలవడం అలవాటు. నలభై ఆరేళ్లుగా ఆయన హాల్లోంచి వంటింటి కిటికీలోకి ఆర్డర్లు కేకేస్తున్నాడు. "నాలుగో బల్లకి రెండు చేపలు, ఒకటి కారం తక్కువ" అని ఆయనంటే వీధి మలుపులో బస్సు కోసం నిలబడ్డవాళ్లకి ఆకలేసేది. ఆ గొంతు ఈమధ్య జీరపోయింది. ఆయన గుడ్లకూర అంటే లోపల వంటాయనకి దుంపకూర అని వినబడుతోంది. పోయిన వారం ఒక పెద్దమనిషి మూడుసార్లు పళ్లెం వెనక్కి పంపి, నాలుగోసారి తనే లేచి వెళ్లిపోయాడు. మెషీను పెట్టక తప్పదు. కానీ "ఇక నీ గొంతుతో పనిలేదు మావయ్యా" అని మొహం మీద చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. ముందు కొనేసి, తర్వాత మెల్లిగా చెబుదామనుకుంది.

వంటాయనకీ చెప్పలేదు. ఆయన నోట్లో మాట దాగదు. సోమవారాలు ఆయన వెనక వాకిట్లో కూర్చుని గిన్నెలన్నీ తోముకుంటాడు. ఆ సమయం చూసి కంపెనీ వాళ్లు చీటీలొచ్చే చిన్న పెట్టెలు రెండు వంటింటి గట్టు మీద పెట్టి వచ్చారు. పెద్దమ్మాయి హాలుకీ వంటింటికీ మధ్యనున్న కిటికీ తలుపు మూసేసింది. ఆయన లోపలికొచ్చేలోగా చీటీలు తీసేయొచ్చని ఆమె అంచనా.

వచ్చినవాళ్లలో ఒకరు టై కట్టుకున్నాయన, ఇంకొకరు కళ్లజోడావిడ. మెనూ కార్డు ముందే పంపమంటే పెద్దమ్మాయి అలమరలో చేతికి దొరికినదాన్ని ఫోటో తీసి పంపింది. అది నాన్న కాలం నాటి కార్డని ఆమె చూసుకోలేదు.

"మాది నొక్కిన రెండు సెకన్లకి చీటీ వచ్చేస్తుందండీ," అన్నాడు టై ఆయన.

"మాది వేలు తీసేలోపే వస్తుంది," అందావిడ. "రద్దీగా ఉంటే వాళ్లది ఆగిపోతుందేమో అడగండి."

"ఆగడమా? చూడండి. పన్నెండో బల్లకి పది చేప సూపులు."

"మాకు పన్నెండో బల్ల లేదండీ," అంది పెద్దమ్మాయి.

"ఉంటే ఎలా ఉంటుందో చూపిస్తున్నానండీ."

ఆవిడ పద్నాలుగో బల్ల వేసి ఎనిమిది కోడివేపుళ్లు నొక్కింది. ఆయన పాల పుడ్డింగులు పన్నెండు నొక్కాడు. ఇద్దరికీ పట్టుదల పెరిగింది. అరగంటలో ఆ ఎనిమిది బల్లల హోటల్లో పంతొమ్మిది బల్లలు నిండిపోయాయి.

సరిగ్గా అప్పుడే మైకు మావయ్య ముందురోజు మర్చిపోయిన గొడుగు కోసం వచ్చాడు. అద్దాల తలుపు అవతల నిలబడి చూస్తే లోపల టై ఆయన టేపు పట్టుకుని కౌంటరు కొలుస్తున్నాడు.

"ఈ పాతదంతా పీకేయాలండీ. ఎన్నాళ్లని లాక్కొస్తారు?" అంటున్నాడు. ఆయనన్నది గోడనున్న వైర్ల గురించి. పెద్దమ్మాయి తలూపింది.

మైకు మావయ్య గొడుగు సంగతి మరిచిపోయి మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని లెక్కల మాస్టారికి ఫోను చేశాడు. మాస్టారు పెళ్లికి ముందూ తర్వాతా, రిటైరయ్యాకా ఆ హోటల్లోనే తిన్న మనిషి.

"మాస్టారూ, పెద్దమ్మాయి హోటలు అమ్మేస్తున్నట్టుందండీ. కొలతలు కూడా తీసుకుంటున్నారు."

"ఎప్పుడు?"

"ఇవాళే ఆఖరనుకుంటా."

మాస్టారు ఇంకేమీ అడగలేదు. తన దగ్గరున్న నంబర్లన్నింటికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు.

పదకొండున్నరకి పెద్దమ్మాయికి చేప సూపు వాసనొచ్చింది. ఆ సూపు ఎవరూ అడగడం లేదని నాన్న చనిపోయిన ఏడాదే చేయడం మానేశారు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే నాన్న ఆమెని కౌంటరు మీద కూర్చోబెట్టి, ఆ సూపు గిన్నెలో పోసి, చల్లారేదాకా తనే ఊదేవాడు. పక్కన మైకు మావయ్య కేకలు, బల్లల మీద చెంచాల చప్పుడు. ఇవాళ నాన్న జ్ఞాపకమొచ్చి ముక్కు కూడా మోసం చేస్తోందని ఆమె అనుకుంది. అంతలో వంటింటి కిటికీ లోపలి నుంచి దఢాలున తెరుచుకుంది.

వంటాయన మొహం చెమటతో మెరుస్తోంది. అంత సంతోషంగా ఆమె ఆయన్ని చూసి ఏళ్లయింది.

"పన్నెండో బల్ల ఎక్కడేశావమ్మా, వీధిలోనా? నాన్నగారి రోజుల్లో అలాగే వేసేవాళ్లం. సూపులు రెడీ. పుడ్డింగు తీపి సరిపోయిందో లేదో చూసిపో."

"ఎవరు చెయ్యమన్నారు బాబాయ్?"

"చీటీలొస్తున్నాయిగా ఇందాకట్నుంచీ. నూట పన్నెండు. రేపటికని తెచ్చిపెట్టినవన్నీ వండేశాను. మళ్లీ చేప సూపు అడిగే రోజొస్తుందని నాకు తెలుసు."

ఆమె నోరు తెరిచేలోపు ఎవరో తలుపు తట్టారు. బయట నలభై మంది దాకా ఉన్నారు. ముందు మాస్టారు, చేతిలో మడత పెట్టిన కాగితం.

"కాస్త ముందు చెప్పాల్సిందమ్మా," అన్నాడాయన. "అయినా పర్వాలేదు. వీడ్కోలు ఉపన్యాసం బస్సులో రాసుకొచ్చాను."

ఎవరు ఎవరికి వీడ్కోలు చెబుతున్నారో ఆమెకి అర్థంకాలేదు. కానీ లోపల నూట పన్నెండు వంటకాలు పొగలు కక్కుతున్నాయి, బయట నలభై మంది ఆకలితో నిలబడ్డారు. ముందు వడ్డన కానిద్దామనుకుంది. బల్లలు చాలక నిజంగానే వీధిలో వేశారు. చేతులు చాలక టై ఆయనకో పళ్లెం, కళ్లజోడావిడకో పళ్లెం ఇచ్చింది. మైకు మావయ్య కళ్లు తుడుచుకుంటూ పాత పద్ధతిలో కేకేయబోయాడు. జీర తప్ప ఏమీ రాలేదు.

హోటలు అమ్మేస్తున్నారని మైకు మావయ్యే చెప్పాడని వడ్డనలో ఎవరో అనగానే, పెద్దమ్మాయి ఆయన్ని వంటింటి గుమ్మం పక్కకి తీసుకెళ్లింది.

"నేను హోటలు అమ్మట్లేదు మావయ్యా. ఆర్డర్ల మెషీను కొంటున్నాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు."



"ఇంతేనా?"

"ఇంతే."

"డాక్టరు నన్ను అరవొద్దని చెప్పి రెండేళ్లయింది పెద్దమ్మాయ్."

"మరి చెప్పలేదేం?"

"నా కేక వింటుంటే నాన్న కౌంటర్లో ఉన్నట్టే ఉంటుందని అన్నావుగా ఒకసారి. ఎలా మానేది?"

ఆమె చేతిలోని సూపు గిన్నె ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక చెంచా తాగి, ఉప్పు అదే, ఏం మారలేదన్నాడు.

మాస్టారు ఉపన్యాసం ఆపలేదు. హోటలు మూయడం లేదని చెప్పినా, రాసింది పాడైపోతుందని మొత్తం చదివేశాడు. ముప్ఫై ఏళ్ల కిందట ఎవరు ఏ బల్ల మీద కూర్చునేవారో, ఎవరికి అక్కడే పెళ్లి మాటలు కుదిరాయో అన్నీ అందులో ఉన్నాయి. నలుగురైదుగురు ఏడ్చారు. వాళ్లలో టై ఆయన ఒకడు.

సాయంత్రం మెషీన్లు సర్దుకుంటుంటే పెద్దమ్మాయి మైకు మావయ్యనే ఒకటి ఎంచమంది.

"మెషీన్ల సంగతి నాకేం తెలుసు. ఆయన మూడు పళ్లాలకి రెండు పారబోశాడు. ఆవిడ నాలుగు పట్టుకుని గోడకి కూడా తగల్లేదు. ఆవిడదే తీసుకో," అన్నాడాయన.

అలాగే తీసుకున్నారు. మైకు మావయ్య వారం రోజుల్లో తెర మీద నొక్కడం నేర్చుకున్నాడు. చేప సూపు మళ్లీ మెనూలోకి ఎక్కింది. నెల తిరిగేసరికి మాస్టారు ఫోను చేశాడు.

"ఏమ్మా, మళ్లీ ఎప్పుడు మూసేస్తున్నారు?"